గట్టు రోడ్డు మీద తొమ్మిది సెకన్లు

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పాఠకుల ఉత్తరాల శీర్షికలో కొద్ది రోజుల క్రితం అచ్చయిన ఒక లేఖ చదివిన మీదట ఇది రాస్తున్నాను. గోదావరి డెల్టాలో కాలవగట్ల వెంబడి ఉన్న రోడ్ల మీద బండ్ల వేగాన్ని అదుపు చేయడం స్థానిక పోలీసుల తరం కావడం లేదనీ, కంటోన్మెంట్లలో నిలబడే మిలటరీ పోలీసులను తీసుకొచ్చి లాకుల దగ్గరా వంతెనల దగ్గరా కాపలా పెడితే పది రోజుల్లో అందరూ దారికొస్తారనీ ఆ పాఠకులు రాశారు. ఆయన ఆవేదనను నేను తప్పుపట్టను. అయితే ఆయన కోరుకుంటున్న ఆ మిలటరీ పోలీసుల ఎర్ర టోపీ పెట్టుకుని పదిహేడేళ్లు పనిచేసినవాడిని, అందులో చాలా కాలం రోడ్డు పక్కన నిలబడి బండ్ల వేగం లెక్కగట్టినవాడిని, హవల్దారుగా బయటికొచ్చి ఇప్పుడు కోనసీమలో కాలవగట్టుకు ఆనుకున్న ఇంట్లో ఉంటున్నవాడిని కనుక, ఆ ఉద్యోగం ఏమిటో, అది ఇక్కడ ఎందుకు పొసగదో, అయినా అందులోంచి మనం తెచ్చుకోదగ్గది ఏముందో చెప్పాలనిపించింది.

మిలటరీ పోలీసు అంటే మామూలు పోలీసు కంటే ఒక మెట్టు పైనుండే పోలీసు అని మన వైపు చాలామంది అనుకుంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి, ఇంటికొక సైనికుణ్ణి పంపిన ఊళ్లున్న జిల్లాలు మనవి కాబట్టి ఆ యూనిఫాం మీద గౌరవం సహజంగానే ఎక్కువ, దానితోపాటు ఈ అపోహ కూడా ఎక్కువే. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టి, స్వాతంత్ర్యం వచ్చేనాటికి కోర్ ఆఫ్ మిలటరీ పోలీస్ అనే పేరు స్థిరపడిన ఆ దళానికి బెంగళూరులో శిక్షణ కేంద్రం ఉంది. మహిళా సైనికుల తొలి జట్టు 2021 మే నెలలో అక్కడి నుంచే బయటికొచ్చింది. ఆ దళం పని సైన్యంలో క్రమశిక్షణ కాపాడడం. 1950 నాటి సైనిక చట్టంలో 107వ సెక్షన్ మిలటరీ పోలీసుకు పెద్ద అయిన ప్రొవోస్ట్ మార్షల్‌కూ ఆయన కింద పనిచేసేవారికీ ఇచ్చిన అధికారం ఆ చట్టానికి లోబడినవారి మీద మాత్రమే చెల్లుతుంది. ఆర్టీసీ బస్సు డ్రైవరును ఆపి లైసెన్సు అడగడానికి గానీ, మోటారు సైకిలు మీద పోయే కుర్రవాడికి చలానా రాయడానికి గానీ ఆ సెక్షన్‌లో చోటు లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు వ్యవహారం రాష్ట్రాల జాబితాలో రెండో అంశంగా ఉంది. పౌర అధికారులకు తోడుగా సైన్యాన్ని పంపే వీలు ఉన్నమాట నిజమే. వరదలొస్తే పిలుస్తారు, తుఫాను వస్తే పిలుస్తారు, అల్లర్లు చేయి దాటిపోతే పిలుస్తారు. రొయ్యల వ్యాను ఎనభైలో పోతోందని ఎవరూ పిలవరు, పిలవకూడదు కూడా.

నేను చేసిన ఉద్యోగం ఎలాంటిదో ఒక్క మధ్యాహ్నం సంగతి చెబితే తెలుస్తుంది. పంజాబులో ఒక కంటోన్మెంటు బయట, జనమంతా తిరిగే పెద్ద రోడ్డు మీదే మా తనిఖీ. స్పీడు గన్నులు ఇంకా మా చేతికి రాని రోజులు. రోడ్డు అంచున టేపుతో వంద మీటర్లు కొలిచి రెండు చివరలా సున్నం గీతలు గీసేవాళ్లం. మొదటి గీత దగ్గర జెండాతో ఒకడు, రెండో గీత దగ్గర స్టాప్‌వాచీతో ఒకడు, ఇంకాస్త ముందు బండిని ఆపడానికి ఒకడు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి వంద మీటర్లు దాటడానికి సరిగ్గా తొమ్మిది సెకన్లు పడుతుంది. అరవైలో వస్తే ఆరు, ఎనభైలో వస్తే నాలుగున్నర. 360ని సెకన్లతో భాగిస్తే వేగం వస్తుందని మా సుబేదారు గారు మొదటి రోజే నేర్పారు. నంబరు పలక మీద పైకి చూసే బాణం గుర్తు ఉన్న బండినే, అంటే సైన్యం బండినే, మేము లెక్కపెట్టాలి. ఆ మధ్యాహ్నం పూలదండలు కట్టిన పెళ్లివారి కారొకటి మా రెండు గీతల మధ్య నాలుగు సెకన్లలో దూసుకుపోయింది. పైగా లోపలి కుర్రవాడొకడు అద్దం దించి మాకు టాటా చెప్పాడు. నా చేతిలో వాచీ ఉంది, ఒంటి మీద యూనిఫాం ఉంది, వయసు కూడా ఉడుకుగానే ఉంది. సుబేదారు గారు తల తిప్పకుండానే, "అది మన బండి కాదు, రాసుకోకు" అన్నారు. ఆ వెనకే వచ్చిన మూడు టన్నుల ట్రక్కు మాత్రం వెనక తలుపు మీద నలభై అని తెల్లరంగుతో రాసుకుని, ఏడు సెకన్లలో గీతలు దాటింది. దాన్ని ఆపాం.

ఆపి ఏం చేశామన్నదే ఈ ఉత్తరంలో అసలు సంగతి. డ్రైవరును కొట్టలేదు, తిట్టలేదు, అక్కడికక్కడ జరిమానా కట్టించలేదు. బండి నంబరు, డ్రైవరు ఆర్మీ నంబరు, యూనిట్ పేరు, సమయం, పట్టిన సెకన్లు రాసుకున్నాం. బండి రాకపోకలు రాసే కార్ డైరీలో అది ఎన్ని గంటలకు బయలుదేరిందని ఉందో, ఎన్ని గంటలకు ఎక్కడికి చేరాలని ఉందో అదీ ఎక్కించుకున్నాం. ఆ రిపోర్టు మా పై అధికారి ద్వారా ఆ యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు వెళ్లింది. దానికి ఆయన రాతపూర్వకంగా జవాబు పంపాలి, ఏం చర్య తీసుకున్నదీ చెప్పాలి. జవాబులో డ్రైవరుకు పడిన శిక్షతోపాటు ఇంకొకటి కూడా ఉంది. ఆ ట్రక్కును అరగంట ఆలస్యంగా పంపి, చేరవలసిన సమయం మాత్రం పాతదే ఉంచి సంతకం పెట్టిన బండ్ల విభాగం జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) గారిని కూడా కమాండింగ్ ఆఫీసరు పిలిచి అడిగారు. ఆ తరువాత ఆ యూనిట్ బండి ఏదీ మా గీతల మధ్య తొమ్మిది సెకన్ల లోపు రాగా నేను చూడలేదు. ఎర్ర టోపీకి జడిసి సైన్యం డ్రైవర్లు నెమ్మదిగా నడుపుతారని అనుకునేవారికి నేను చెప్పేదొకటే: టోపీ కనబడని పల్లె రోడ్ల మీద కూడా వాళ్లు నెమ్మదిగానే నడిపేవారు, ఎందుకంటే కాగితం వెళితే జవాబు చెప్పుకోవలసింది స్టీరింగు పట్టుకున్నవాడు ఒక్కడే కాదని యూనిట్‌లో అందరికీ తెలుసు.

విదేశాల్లో సైనిక దళాలే రోడ్ల మీద వేగం చూస్తున్నాయి కదా అనే వాదన కూడా ఆ లేఖలో ఉంది. ఉన్నమాటే. ఫ్రాన్సులో పల్లె ప్రాంతాల రోడ్లు చూసుకునే జెండార్మరీకి సైనిక హోదా ఉంది. స్పెయిన్‌లో సివిల్ గార్డ్ దళంలో 1959 నుంచి ప్రత్యేకంగా ట్రాఫిక్ విభాగమే ఉంది. బ్రెజిల్‌లో రాష్ట్రాల పోలీసు పేరే మిలటరీ పోలీసు. కానీ అవి పేరుకూ హోదాకూ సైనికమైనా, పౌరుల మీద ట్రాఫిక్ చట్టం అమలు చేయడానికని అక్కడి చట్టాలు నియమించిన పోలీసు దళాలు. జెండార్మరీ అయితే 2009 నుంచి ఫ్రాన్సు అంతర్గత వ్యవహారాల శాఖ కిందనే పనిచేస్తోంది. మన మిలటరీ పోలీసు ఆ కోవలోనిది కాదు. టోపీ చూసి పోల్చుకుంటే ఇలాంటి పొరపాటే జరుగుతుంది. మన పక్కనే ఉన్న యానాంలో అడుగుపెడితే పుదుచ్చేరి పోలీసు పరిధి మొదలవుతుంది. ఫ్రెంచి పాలన 1954లోనే పోయినా ఆ పోలీసుల ఎర్ర టోపీ మాత్రం ఫ్రెంచి వారి నమూనాలోనే మిగిలింది. నేను సెలవులో యూనిఫాంతో వచ్చిన ఒకసారి, యానాంలో బంధువుల ఇంటి ముసలావిడ నన్ను చూసి "మీ స్టేషను ఏదబ్బాయ్" అని అడిగారు. ఆవిడ దృష్టిలో ఎర్ర టోపీలన్నీ ఒకే స్టేషనువి.

ఇక మన రోడ్ల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిన తరువాత తవ్విన కాలవలకు గట్లు వేసింది నీటిని పట్టి ఉంచడానికి. వాటి మీద పడవలను తాళ్లతో లాగేవారు నడిచారు, నీళ్లు చూసుకునే లస్కర్లు నడిచారు, తరువాత ఎడ్లబండ్లు నడిచాయి. అదే గట్టు మీద మన కాలంలో తారు పోశారు. వంపులు కాలవవి, వెడల్పు ఎడ్లబండిది, నునుపు మాత్రం ఇప్పటి రోడ్డుది. గుంతలున్నప్పుడు ముప్పై దాటని బండి, తారు పడిన వారానికి డెబ్బై అందుకుంటుంది. ఒకపక్క కాలవ, దానికి గోడ గానీ ఇనుప కంచె గానీ లేని చోట్లే ఎక్కువ. రెండోపక్క ఇళ్ల అరుగులు రోడ్డుకు మూడడుగుల దూరంలో. ప్రతి వందా రెండు వందల గజాలకూ ఒక రేవు, ఆ రేవులో గిన్నెలు తోముకునే ఆడవాళ్లు, గేదెలు కడిగే పిల్లలు. బిందెతో మెట్లెక్కి వచ్చే మనిషి తల ముందు రోడ్డు మట్టానికి కనబడుతుంది, మనిషి మొత్తం కనబడేసరికి బండి మీదికి వచ్చేస్తుంది. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. మావాళ్ల తప్పు కూడా చెప్పాలి కదా: ఆ ధాన్యానికి కాపుగా రాత్రిపూట పెట్టే బండరాళ్లు చీకట్లో ఎవరికీ కనబడవు.

ఎనభైలో వచ్చే బండి సెకనుకు ఇరవై రెండు మీటర్లు పైగా పోతుంది. రేవు మెట్ల మీద తల కనబడి, అది మనిషని డ్రైవరు బుర్రకెక్కి, కాలు బ్రేకు మీద పడేలోగా ఒక సెకను పోతుందనుకుంటే, బ్రేకు పడకముందే బండి నాలుగు ఇళ్లు దాటేసి ఉంటుంది. వేగం రెట్టింపయితే గుద్దే బలం నాలుగింతలవుతుంది. కేంద్ర రవాణా శాఖ 2022 సంవత్సరానికి ఇచ్చిన లెక్కల్లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. అందులో నూటికి 71 పైచిలుకు అతివేగం ఖాతాలోవే. ఆ పెద్ద లెక్క ఊళ్లో ఎవరికీ తగలదు. మా పక్క వీధిలో పాలు పోసుకొచ్చే ఒకతని సైకిలును ఒక తెల్లవారుజామున వ్యాను రాసుకుంటూ పోతే, మనిషి కాలవలో పడి తూటుకాడ పట్టుకుని బయటపడ్డాడు గానీ పాలక్యాను లాకుల దగ్గర తేలింది. ఆ క్యాను సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది, అతను అందులోనే పాలు పోస్తున్నాడు.

ఆ సంఘటన జరిగిన వారంలో నేను మా ఇంటి ముందు కరెంటు స్తంభం దగ్గర నుంచి తూము దాకా వంద మీటర్లు టేపు పెట్టి కొలిచి, పాత అలవాటు ప్రకారం రెండు సున్నం గీతలు గీశాను. మనవడి ఫోన్లో స్టాప్‌వాచీ ఉంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని చూస్తే మోటారు సైకిళ్లు ఆరూ ఏడు సెకన్ల మధ్య, బడి ఆటోలు పన్నెండుకు అటూ ఇటూ, పండగకు హైదరాబాదు నుంచి వచ్చిన కార్లు ఐదు దగ్గర. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల నుంచి వెనక్కి వచ్చేవారి లెక్క చెప్పను, దానికి సెకన్ల వాచీ చాలదు. కానీ ఏడాది పొడుగునా, వేళ తప్పకుండా నాలుగున్నర సెకన్లలో దాటేది ఒకటే రకం బండి: రొయ్యల పట్టుబడి నుంచి ఐసు ట్రేలతో వెళ్లే వ్యాను.

ఒకరోజు తూము దగ్గర టైరు పంచరై అలాంటి వ్యాను ఒకటి మా ఇంటి ముందే ఆగింది. డ్రైవరుకు ఇరవై నాలుగేళ్లుంటాయేమో. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, ఇంత తొందర దేనికి బాబూ అని అడిగాను. "మాకు మాత్రం సరదా అనుకున్నారాండి బాబాయి గారూ," అన్నాడు. "చెరువు దగ్గర పట్టుబడి రాత్రి రెండుకని చెప్పి నాలుగుకి మొదలెడతారండి, ఐసు ఆలస్యంగా వస్తుంది, తూకం ఆలస్యం అవుతుంది. అక్కడ రొయ్యలు శుద్ధి చేసే ప్లాంటు గేటు దగ్గర మాత్రం ఆరుకే ఉండాలంటారండి. సరుకు మెత్తబడితే కిలోకి ఎన్ని రొయ్యలని చూసి ఇచ్చే కౌంటు రేటు కోసేస్తారు, ఆ కోత నా బత్తాలో పడుతుందండి, ఆయ్." లెక్క వేసి చూశాను. వాడు చెప్పిన చెరువు నుంచి వాడు చెప్పిన గేటుకు, మిగిలిన ఆ సమయంలో చేరాలంటే దారి పొడుగునా డెబ్బైకి తగ్గకుండా నడపాలి. ఆ దారిలో మూడు లాకుల వంతెనలున్నాయి, ఒక్కోదాని మీద ఒక్క బండే పడుతుంది. అంటే వాడు నా సున్నం గీతల మధ్య నాలుగున్నర సెకన్లలో పోవాలని ఎక్కడో ఒక గదిలో ముందే నిర్ణయం అయిపోయింది. పంజాబులో కార్ డైరీ మీద సంతకం పెట్టిన జేసీవో గారు నాకు అప్పుడు గుర్తొచ్చారు.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ గదిలో కూర్చున్నవారిని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 183వ సెక్షన్ వేగ పరిమితి దాటి నడిపినవాడినే కాక, తన కింద పనిచేసేవాడి చేత అలా నడిపించినవాడిని కూడా శిక్షార్హుడంటుంది. 2019 సవరణతో ఇద్దరూ ఒకే వాక్యంలోకి, ఒకే జరిమానా కిందికి వచ్చారు. తేలికపాటి వాహనానికి వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, మధ్యరకం, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేలు. అదే సెక్షన్‌లో ఇంకొక మాట ఉంది, దాన్ని పెద్ద అక్షరాలతో అచ్చువేయమని మిమ్మల్ని కోరాలనిపిస్తోంది: వేగ పరిమితి దాటకుండా పూర్తిచేయడం సాధ్యం కాని ప్రయాణాన్ని ఇంత సమయంలో పూర్తి చేయాలని టైంటేబుల్ ప్రకటించినా, ఆదేశం ఇచ్చినా, ఆ ప్రకటనో ఆదేశమో యజమాని నేరానికి ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. ప్లాంటు గేటు దగ్గర ఆరుకే ఉండాలని ఫోన్లో పంపిన సందేశం అదే కదా. ప్రైవేటు బస్సు అద్దం మీద అంటించిన రాకపోకల వేళలు అవే కదా. మూడు ఊళ్లు తిప్పి ఎనిమిదింపావుకు గేటు లోపల ఉండాలని బడి బస్సు డ్రైవరుకు చెప్పే మాట కూడా అదే. ఈ సెక్షన్ కింద మన జిల్లాల్లో డ్రైవర్లకు చలానాలు రావడం చూశాను గానీ, పంపినవారికి నోటీసు వచ్చిందని ఎవరూ చెప్పగా వినలేదు. చలానా వచ్చినా యజమాని దాన్ని డ్రైవరు జీతంలోంచి కోసి కట్టేస్తాడు. అంటే ఆలస్యం చేసినవాడికి ఖర్చు లేదు, పరిగెత్తినవాడికి మాత్రం రెండువైపులా కోత.

కనుక పోలీసు అధికారులను నేను కోరేది మిలటరీని కాదు, మిలటరీ వారి ఆ రిపోర్టు కాగితాన్ని. సరుకు బండినో బడి బండినో వేగం మీద పట్టుకున్న ప్రతిసారీ అది ఎక్కడ, ఎన్నింటికి బయలుదేరిందో, ఎన్నింటికి చేరమన్నారో, ఆ మాట ఎవరు చెప్పారో నాలుగు వరుసలు రాసుకుని, దాన్ని యజమానికి పంపి రాతపూర్వకంగా జవాబు తెప్పించాలి. జవాబు రాయాల్సి వస్తే ఐసు వేళకు వస్తుంది, పట్టుబడి వేళకు మొదలవుతుంది. డ్రైవరు మీద నాకు ప్రత్యేకంగా జాలి ఉందని కాదు, తప్పు తాగి నడిపినవాడిదో సరదాకు నడిపినవాడిదో అయితే వాడి లైసెన్సే పోవాలి. ఇక్కడ మాత్రం వేగం జీతంలో భాగమైపోయింది.

కాగితం నిలవాలంటే మరొకటి కావాలి. ఒక రోడ్డు మీద మామూలు పరిమితి కంటే తక్కువ వేగం నిర్ణయించే అధికారం 112వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికీ, అది నియమించిన అధికారికీ ఇచ్చింది. కానీ 116వ సెక్షన్ ప్రకారం ఆ మేరకు బోర్డు పాతాలి. మా గట్టు రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క వేగం బోర్డు లేదు. ఉన్నవన్నీ విగ్రహావిష్కరణల బోర్డులు, ఫంక్షన్ హాళ్ల బోర్డులు. మేము పదకొండు మందిమి సంతకాలు చేసి అర్జీ ఇస్తే ఒక కార్యాలయంలో, గట్టు తమది కాదు నీటిపారుదల వారిది అన్నారు. వారి దగ్గరికి వెళితే గట్టు తమదే గానీ తారు తమది కాదన్నారు. తారు వేసినవారి దగ్గరికి వెళితే వేగం పోలీసుల పని అన్నారు. నాలుగో చోట అర్జీ మీద ముద్ర వేసి ఇచ్చారు, అదే మాకు దక్కింది. ఆ ముద్ర చూపించి బండిని ఆపలేం. రేవులున్న మేర ముప్పై, లాకుల వంతెనల మీద ఇరవై అని ప్రకటించి బోర్డులు పాతడానికి ఆ మూడు శాఖలూ ఒక్క రోజు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే సరిపోతుంది, దానికి కలెక్టరు గారు పిలవాలి.

వేగం కొలిచే యంత్రాల సంగతి కూడా చెబుతాను. ఒక సాక్షి కళ్లతో చూసి, చాలా వేగంగా పోయిందండీ అంటే అది ఒక్కటే శిక్షకు చాలదనీ, ఆ అంచనాకు యాంత్రికమో ఎలక్ట్రానికో అయిన సాధనం ఆధారంగా ఉండాలనీ అదే 183వ సెక్షన్ చెబుతోంది. 2021 ఆగస్టులో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమావళి 167ఎ రూలు ప్రకారం కెమెరాలకు ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటేటా పునరుద్ధరించాలి, కెమెరా ఉన్న మేర ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి, నోటీసు పదిహేను రోజుల్లోగా పంపాలి. ఇవన్నీ న్యాయమైన నిబంధనలే. అయితే ఆ రూలు ముఖ్యంగా చూసింది జాతీయ, రాష్ట్ర రహదారులనూ పెద్ద నగరాలనూ. రావులపాలెం మీదుగా పోయే పదహారో నంబరు రహదారికీ, అమలాపురం మీదుగా పోయే 216కూ కెమెరాలు పెడితే పెడతారు గానీ, కాలవగట్టు దాకా అవి నా జీవితకాలంలో వస్తాయని నమ్మకం లేదు. చేతిలో పట్టుకునే ఒక స్పీడు గన్ను, ఇద్దరు మనుషులు, వారానికి రెండు సాయంత్రాలు చాలు. ఆ రెండు సాయంత్రాలూ ఏవో ముందుగా తెలియకుండా ఉంటే ఇంకా మంచిది.

మొదలుపెట్టడం ఎవరితో అన్నది కూడా ముఖ్యమే. మేము పంజాబులో పెళ్లివారి కారును వదిలేసి మా ట్రక్కునే పట్టుకున్నాం. అధికారం అంతే ఉంది కనుక అలా చేశామన్నది నిజమే అయినా, సొంత ఇంటి బండ్లను ముందు పట్టుకోవడంలో ఒక మేలు ఉంది. ఆ రోడ్డు మీద కూరగాయలమ్ముకునే మనిషి కూడా మమ్మల్ని చూసి, వీళ్లు తమవాళ్లనే వదలరు అనేవాడు. 2019 సవరణలో 210బి సెక్షన్ కూడా ఆ దారిలోనే ఉంది: ఈ చట్టాన్ని అమలు చేయవలసిన అధికార యంత్రాంగమే ఉల్లంఘిస్తే దానికి జరిమానా రెట్టింపు. మొదటి నెల ఆ గన్నును పోలీసు జీపుల మీదా, ప్రభుత్వ శాఖల అద్దె కార్ల మీదా, నాయకుల వెనక వరుసకట్టి పోయే కార్ల మీదా పెట్టి, ఎన్ని నోటీసులిచ్చారో మండల కార్యాలయం గోడ మీద అంటిస్తే, రెండో నెలలో రొయ్యల వ్యాను యజమాని నోటీసు తీసుకుని గొణగడు. గొణిగినా కడతాడు.

మాజీ సైనికులను వాడుకోండని ఆ పాఠకులు చివర్లో రాసిన మాటతో మాత్రం నాకు సగం ఏకీభావం ఉంది. బండిని ఆపే పని మాకు వద్దు. ఆపడం, చలానా రాయడం అధికారం ఉన్నవారి పని. అధికారం లేనివాడు యూనిఫాం ఛాయలో ఆపితే నాలుగో రోజుకే అది వసూళ్లలోకి దిగుతుంది, అలాంటి గేట్లు మన ఊళ్లలో కొత్త కాదు. కానీ వంద మీటర్లు తప్పులేకుండా కొలవడం, ఏ వేళకు ఏ రకం బండి ఎంత వేగంతో పోతోందో నెల రోజులు పుస్తకంలో ఎక్కించి పోలీసు స్టేషనుకు ఇవ్వడం, బోర్డు ఎక్కడ పాతితే మలుపుకు ముందు కనబడుతుందో చూపించడం మాకు చేతనవును. గన్ను ఏ సాయంత్రం, ఏ తూము దగ్గర పెట్టాలో ఆ పుస్తకం చెబుతుంది.

నా పుస్తకంలో ప్రస్తుతం రెండున్నర నెలల లెక్క ఉంది. సున్నం గీతలు మొన్నటి వానలకు సగం చెరిగాయి. తారు ఆరగానే మళ్లీ గీస్తాను. సంబంధిత అధికారులెవరైనా చూడదలిస్తే బడి వదిలే నాలుగున్నర వేళకు గానీ, వ్యాన్లు బయలుదేరే తెల్లవారుజామున ఐదుకు గానీ రమ్మని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. తూము ఎదురుగా నీలం తలుపుల ఇల్లు, అరుగు మీద ఎప్పుడూ రెండు కుర్చీలుంటాయి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక మాజీ హవల్దారు, కోనసీమ